పైడమ్మ సాక్ష్యం

1994 వేసవిలో, భిలాయిలోని ఒక ప్రభుత్వ కార్ఖానాలో సిబ్బంది విభాగం అధికారిగా ఉన్న నన్ను ఒక శాఖాపరమైన విచారణకు విచారణాధికారిగా వేశారు. ఆరోపణ రుజువైందో లేదో తేల్చడం వరకే నా పని. శిక్ష వేసేది పై అధికారి.

ఆరోపణ ఒక ఫోర్‌మన్ మీద. గ్యాసు పరీక్ష చేయించకుండానే ఇద్దరు కాంట్రాక్టు కూలీలను పైపులైను దగ్గర శుభ్రం చేయడానికి పంపాడని. వాళ్లలో ఒకతను స్పృహ తప్పి పడిపోయాడు; ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. తాను పంపలేదు, వాళ్లే వెళ్లారని ఫోర్‌మన్ వాదన. ఇక మిగిలిన సాక్షి రెండో కూలీ పైడమ్మ. క్యాంప్ 2 అనే కూలీల బస్తీలో ఉండే శ్రీకాకుళం మనిషి, రెజా. ఆడకూలీని అక్కడ అలాగే అంటారు.

సంస్థ తరఫున కేసు నడపాల్సిన అధికారి ఆ ఫోర్‌మన్ షాపులోనే పనిచేసేవాడు. కార్ఖానాలో షాపంటే ఒక విభాగం. ఫోర్‌మన్‌కు సాయంగా కూర్చున్నవాడూ అక్కడివాడే. నాతో సహా అందరం ఒకే క్యాంటీన్‌లో టీ తాగేవాళ్లం. ఆ గదిలో పరాయి మనిషి పైడమ్మ ఒక్కతే. పైగా కూలీల గేట్ పాసు పొడిగించాలంటే ఆ షాపు సిఫారసు కావాలి. పాసు లేకపోతే పని లేదు.

నిందితుడి ఎదుటే సాక్ష్యం చెప్పించాలని నియమం. అతన్ని బయటికి పంపే అధికారం నాకు లేదు. "నానేటి సెప్పాల బాబూ?" అని పైడమ్మ అడిగింది. జరిగింది చెప్పమన్నాను.

"గ్యాసు సూసినారా అని అడిగినాం. ఏటీ అవదు, ఎల్లండని ఈ బాబే అన్నాడు."

ఎదురు ప్రశ్నలు వేసే హక్కు ఫోర్‌మన్‌కు ఉంది. అతను ఒక్కటే వేశాడు, గొంతు పెంచకుండా. "పైడమ్మా, నీ పాసు ఎప్పటిదాకా ఉందమ్మా?"

నాకు ఒళ్లు మండింది. అది కేసుకు సంబంధం లేని ప్రశ్న, జవాబు అక్కర్లేదని చెప్పాను. ప్రశ్నను మాత్రం ఉన్నదున్నట్టు రికార్డులోకి ఎక్కించాను. కేసు నడిపే అధికారి తలెత్తలేదు. అయినా పైడమ్మ తానే జవాబిచ్చింది.

"ఈ నెలాకరుదాకా. అయినా ఎల్లమన్నది నువ్వే బాబూ."

ఆరోపణ రుజువైందని నివేదిక ఇచ్చాను. ఫోర్‌మన్‌కు ఒక ఇంక్రిమెంటు ఆపారు. నెలాఖరుకు పైడమ్మ పాసు పొడిగించలేదు. ఆమె అవసరం లేదని షాపు రాసింది. రికార్డులోని ఆ ప్రశ్నను చూపిస్తూ పై అధికారికి రాస్తే, ఈ విషయం విచారణ పరిధిలోకి రాదని జవాబొచ్చింది.

సొంత ఉద్యోగి మీద సంస్థ న్యాయంగా విచారణ జరపగలదా అని కొత్త అధికారులు నన్ను అడుగుతుంటారు. జరపగలదు. సాక్షి కూడు మాత్రం నిందితుడి షాపు చేతిలో ఉండకూడదు. నేను జరిపిన విచారణలో ఇద్దరికి శిక్ష పడింది. పెద్దది పైడమ్మకు.