తర్జుమాదారు వెంకోబయ్య

మొన్న మనవరాలికి గాజులు పంపుదామని పోస్టాఫీసుకు వెళ్ళాను. విలువైన పార్సిలు కనుక ముడుల మీద లక్క సీలు వేయాలన్నారు. గుమాస్తా లక్కకడ్డీని దీపం మీద పట్టగానే ఆ కమురు వాసన ముక్కుకు తగిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖం పక్కకు తిప్పుకున్నారు. నేను మాత్రం ఇంకో అడుగు ముందుకు వేశాను. ఇరవై ఏళ్ళ వయసులో నేను కోర్టులో టైపిస్టుగా చేరిన రోజు నాకు ఎదురైన మొదటి వాసన అదే. పోలీసులు జప్తు చేసి తెచ్చిన వస్తువులకు లక్క సీళ్ళు వేస్తున్నారు. ఆ బల్ల పక్కన నిలబడి, నా నియామకం కాగితాన్ని కళ్ళద్దాలు పైకెత్తి చదివిన మనిషి వెంకోబయ్య సారు.

రాయచూరులో అదొక చిన్న మేజిస్ట్రేటు కోర్టు. శక్తినగర్ వైపు కృష్ణ ఒడ్డున కరెంటు కేంద్రం పొగగొట్టాలు ఒక్కొక్కటే లేస్తున్న కాలం. పనుల కోసం నాలుగు దిక్కుల నుంచీ జనం దిగుతున్నారు, వాళ్ళ వెంట కేసులూ వస్తున్నాయి. కోర్టు భాష కన్నడం. పాత దస్తావేజులు ఉర్దూ. బోనులో నిలబడేవాళ్ళలో సగం మంది తెలుగువాళ్ళు. ఈ మూడింటి నడుమ సారు తర్జుమాదారు. నేను గంజ్‌లో మిరపకాయల వ్యాపారం చేసే ఇంటి పిల్లను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ మాట్లాడేదాన్ని. మూడు భాషలూ వచ్చుననే పొగరు నాకు కొంచెం ఉండేది. ఆ పొగరు వారం రోజులు కూడా నిలవలేదు.

ఒక దొమ్మీ కేసులో కాగితాలు టైపు చేసి ఇచ్చాను. ఆరు ప్రతులు, ఒక్క అక్షరం తప్పు లేదనుకున్నాను. సారు చదివి, ఆరింటినీ నా బల్ల మీద పెట్టారు.

"ఏంది బిడ్డా ఇది? ఈ మనిషిని 'అపరాధి' అని రాసినవ్. కేసు ఇంకా షురూనే కాలే."

"ఆరోపి అన్నా, అపరాధి అన్నా ఒకటే కదా సార్?"

"ఆరోపి అంటే పోలీసోళ్ళు అన్న మాట. అపరాధి అంటే సాక్ష్యం అంతా ఇన్నంక కోర్టు అన్న మాట. ఆ రెండింటి నడుమ ఒక మనిషి బతుకుంటది. నువ్వు గిట్ల ఒక్క మాటతోటి దాటేస్తే ఎట్ల?"

ఆరు ప్రతులూ మళ్ళీ కొట్టాను. కోపంతో మీటలను బలంగా నొక్కుతూ కొట్టాను. సారు విననట్టే కూర్చున్నారు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాత్రం, "చేతులు నొస్తున్నయా? రేపటికి మంచిగైతయి. మాట మాత్రం యాదిల పెట్టుకో" అన్నారు.

ఆ తర్వాత ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. కోర్టు వరండాలో ఆయనకు ఒక స్తంభం పక్కన చోటుండేది. మధ్యాహ్నం డబ్బా విప్పుకునే లోపే ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వచ్చేవారు. ఒకసారి తుర్విహాళ నుంచి ఒక వరిరైతు వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడిన కుటుంబం. చేతిలో సమన్సు ఉంది. రెండు రోజులుగా అన్నం తినలేదట.

"నన్ను లోపలేసేస్తారాండీ? నేనేం చేయలేదండీ బాబూ, గట్టు మీద నిలబడి చూశానంతే."

సారు కాగితం చదివి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఇది వారంటు కాదు, సమన్సు. నిన్ను పట్టకపోనీకె కాదు, నువ్వు చూసింది ఇననీకె పిలుస్తున్నరు. నువ్వు సాక్షివి. కోర్టే నీతోటి అవసరం పడి కబురు పంపింది, సమజైందా?" అన్నారు. రైతు నడుము నిటారైంది. డబ్బాలోని జొన్నరొట్టెలో సగం విరిచి ఆయన చేతిలో పెట్టారు సారు. చట్టం మాట తెలియకపోతే మనిషి ఎంత భయపడతాడో, తెలిస్తే ఎట్లా లేచి నిలబడతాడో అప్పుడే చూశాను.

కానీ సారును నేను నిజంగా తెలుసుకున్నది ఈరన్న కేసు రోజున. ఈరన్న ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర మూటలు మోసే కూలి. రాగితీగ చుట్ట ఒకటి గోదాము నుంచి మాయమై, దారి పక్కన ట్రాక్టరులో దొరికింది. దొంగతనం కేసు పెట్టారు. అతనికి వకీలు లేడు. మేజిస్ట్రేటు మైసూరు వైపు నుంచి కొత్తగా వచ్చినవారు, తెలుగు రాదు. ఆ రోజు ఉదయం నుంచి కేసులు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. సారు గొంతు బొంగురుపోయింది. తప్పు ఒప్పుకుంటావా అని మేజిస్ట్రేటు అడిగారు. సారు దాన్ని తెలుగులో చెప్పారు.

"ఎత్తుకొచ్చింది నేనే సాబ్" అన్నాడు ఈరన్న.

సారు కన్నడంలో ఒకే ముక్కలో చెప్పేశారు: దొంగిలించింది తానేనంటున్నాడని. మేజిస్ట్రేటు డిక్టేషను మొదలుపెట్టారు, నేను టైపు చేయసాగాను. శిక్ష మాట ఇంకా రాలేదు. ఇంతలో ఈరన్న కుడి భుజం తడుముకుంటూ, ఎవరితోనో ముచ్చట చెప్పినట్టు, "శాన బరువుండె సాబ్. ఈ బుజం మీదనే ఎత్తుకొచ్చిన. ఎత్తుమంటె ఎత్తిన" అన్నాడు.

సారు ముఖం పాలిపోయింది. మన మాటలో ఎత్తుకురావడమంటే మోసుకురావడమే. దొంగిలించడం కూడా అదే మాట. ఆయన లేచి నిలబడి చేతులు జోడించారు.

"మహాస్వామీ, రాయడం ఆపించండి. తర్జుమాలో తప్పు జరిగింది. ఆ తప్పు నాది. అతను మోసుకొచ్చానన్నాడు. దొంగిలించానని నేనన్నాను."

మేజిస్ట్రేటు ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు ఇట్లా మాట మారుస్తారా? ఇతను మీకు తెలిసినవాడా?" అని అడిగారు.

"కాదు. ఈ రోజే చూశాను. అతను అన్న మాటను అన్నట్టుగానే రాయించండి. నా మీద ఏ చర్య తీసుకున్నా సరే."

సారు పదోన్నతి కాగితాలు అప్పుడు ఆ మేజిస్ట్రేటు బల్ల మీదే ఉన్నాయని హాలులో ఉన్న ప్రతి గుమాస్తాకూ తెలుసు. నాకూ తెలుసు. కూర్చోండి సార్, కూర్చోండి అని లోలోపల మొక్కుకున్నాను. ఆయన కూర్చోలేదు. చాలాసేపటికి మేజిస్ట్రేటు నా వైపు చూసి, ఆ కాగితం తీసేయమన్నారు. సగం కొట్టిన కాగితాన్ని యంత్రం నుంచి లాగాను. కేసు విచారణకు వెళ్ళింది, ఈరన్నకు కోర్టే వకీలును పెట్టింది. కొన్ని నెలల తర్వాత గోదాము కావలివాడు సాక్ష్యం చెప్పాడు. తీగచుట్టను ట్రాక్టరు దాకా మోయమని ఈరన్నను పిలిచింది అక్కడి మేస్త్రీయేనని, తాను కళ్ళారా చూశానని అన్నాడు. ఈరన్న నిర్దోషిగా ఇంటికి వెళ్ళాడు.

సారుకు మాత్రం మెమో వచ్చింది, పదోన్నతి రాలేదు. నేను ఆయన ముందు ఏడ్చేశాను. "ఎందుకేడుస్తవ్ పిచ్చిదానా? ఆ పిలగాని పేరు మీద దొంగ అని రాసి ఉండుడు కన్నా, నా పేరు మీద తప్పు అని రాసి ఉండుడు నయం. నాది నిజంగ తప్పే కదా" అన్నారు. ఆయన తర్జుమాదారుగానే రిటైరయ్యారు. అంతకుముందే, ఆ మేజిస్ట్రేటు బదిలీ మీద వెళ్ళేటప్పుడు వరండాలో ఆ స్తంభం దగ్గరికి తానే నడిచి వచ్చి సారుకు నమస్కారం పెట్టారు. అది నా కళ్ళతో చూశాను.

పరీక్ష రాసి నేనూ తర్జుమాదారునయ్యాను. మాన్వి కోర్టుకు వేశారు. చేరిన కొత్తలోనే ఒక ముసలామె సాక్ష్యం చెబుతూ, కొట్లాటలో పొరుగువాడు "నడుమ అడ్డమొచ్చిండు" అంది. దారి కాచి అడ్డగించాడని తర్జుమా చేశాను. అలా అడ్డగించడమే ఒక నేరం. ఆమె చెప్పింది కొట్లాట ఆపడానికి వచ్చాడని. రెండు వాక్యాల తర్వాత నాకు తట్టింది. వకీళ్ళందరూ మగవాళ్ళే, అందరూ నా వైపే చూస్తున్నారు. అయినా లేచాను. తప్పు నాదన్నాను. మేజిస్ట్రేటు తలూపి, సరిదిద్దించారు.

ఆ శనివారమే బస్సెక్కి రాయచూరు వెళ్ళి సారుకు చెప్పాను. పడకకుర్చీలో ముందుకు వంగి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "మెమో ఇచ్చిన్రా?" అని అడిగారు.

"లేదు సార్."

"అయితే జమాన మంచిగైంది బిడ్డా" అని గట్టిగా నవ్వారు.

నా ఉద్యోగంలో అట్లా ఇంకో మూడుసార్లు లేచి నిలబడ్డాను. ప్రతిసారీ తప్పు నాదేనన్నాను. ఇంట్లో పిల్లలు నీ సర్వీసులో గొప్ప రోజు ఏదమ్మా అని అడిగితే, ఆ నాలుగు రోజుల్లో ఏది చెప్పాలో నాకు తేలదు.