మా అక్క సారెలో పెట్టిన చాక్లెట్ బిస్కెట్లు

మా మేనకోడలి శ్రీమంతానికి మా అక్క చేసిన బిస్కెట్ల గురించి నేను చాలా సభల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఛాతీ కాస్త ముందుకు పొడుచుకొచ్చింది. నేను చేసిన బిస్కెట్లు కావు, అయినా నా గర్వమే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. బావ జబ్బు చేసి పోయాక ఆయన ఉద్యోగం అక్కకు ఇచ్చారు. ఆఫీసులో అటెండరుగా పనిచేస్తూ, అత్తను చూసుకుంటూ కూతుర్ని చదివించింది. దమ్మపేట దగ్గర పామాయిల్ తోటలున్న ఇంటికి ఇచ్చి పెళ్లి చేసింది. ఇన్ని చేసిన మనిషికి ఆ కూతురి పెళ్లి సారెలో లడ్డూ ముట్టే అర్హత లేకపోయింది. సారె పిండివంటలు ముత్తైదువలే మొదలుపెట్టాలట, అంటే మొగుడు బతికున్న ఆడవాళ్లు. కన్నతల్లి మాత్రం గడప అవతల కూర్చుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లు తన ఇంట్లో తన మూకుడు పొయ్యి మీద పెడుతుంటే చూడాలి.

ఆ పెళ్లప్పుడు నేను అక్క అత్తగారితో పెద్ద వాదమే పెట్టుకున్నాను. కలిపే చెయ్యి ఎవరిదో చూసి బెల్లం పాకం ముదురుతుందా, మొగుడు చావడం ఆడదాని నేరమా అని ఆవిడ మంచం దగ్గర నిలబడి అడిగాను. చిన్నప్పటినుంచి వాదసభల్లో తిరిగిన గొంతు నాది. ఆవిడ వక్క నములుతూ చివరిదాకా విన్నది.

"నువ్ చెప్పింది బాగనే ఉంది అల్లుడా. రేపు పిల్లకు ఏమన్నయితే నువ్ తీరుస్తవా?" అన్నది.

మూఢనమ్మకం ఎప్పుడూ ఇలాగే గెలుస్తుంది. దానికి రుజువులు అక్కర్లేదు, భయం చాలు. ఆ మాట అన్న ఆవిడ కూడా మొగుణ్ణి పోగొట్టుకున్నదే. ఆ తర్వాత ఏ శుభకార్యంలోనూ ముందు వరసలో నిలబడలేదు, ఏ పిండివంటలోనూ చెయ్యి పెట్టలేదు. తనకు జరిగిన అన్యాయానికి తానే కాపలా కాసేది.

తర్వాత మేనకోడలికి ఏడో నెల వచ్చింది. మళ్లీ సారె పంపాలి. ఒక సాయంత్రం అక్క నన్ను పిలిచింది.

"తమ్మీ, ఈసారి నా చేత్తోని చేసింది ఒక్కటన్న నా బిడ్డ సారెల పోవాలె."

"మీ అత్తమ్మ ఒప్పుకుంటదా?"

"లడ్డూలు, అరిసెలు వాళ్లే చేసుకోనీ. నేను బిస్కెట్లు చేస్త."

కేబుల్ టీవీ వంటల కార్యక్రమంలో చూసిందట. మైదా, వెన్న, చక్కెర కలిపి, అందులో చాక్లెట్ బార్లు తరిగి వేసి కాల్చడం. నాకు నవ్వొచ్చింది. "సారెల బిస్కెట్లేంది అక్కా?"

"బిస్కెట్లకు ముత్తైదువ కావాలని ఎవలన్న చెప్పిండ్రా?" అన్నది అక్క.

అన్నేళ్ల వాదాల్లో ఆ పాయింటు నాకెప్పుడూ తట్టలేదు. పాత వంటకు పాత నియమం ఉంటుంది. నిన్న టీవీలో పుట్టిన వంటకు నియమం రాయడం ఎవరికీ ఇంకా కుదరలేదు.

మొదటి వాయి పాడైంది. మా క్వార్టర్లలో గ్యాస్ ఉన్నా పెద్ద వంటలకు బొగ్గే వాడేవాళ్లం. పచ్చి బొగ్గును ముందు వాకిట్లో కుప్ప పోసి, పొగంతా పోయేదాకా కాల్చి, నీళ్లు చల్లి ఆర్పి, ఆ కాలిన బొగ్గునే పొయ్యిలో వెయ్యాలి. అక్క తొందరపడి సగం కాలిన బొగ్గు వేసింది. పాత సత్తు గిన్నెలో వాగు ఇసుక పోసి, లోపల పళ్లెం పెట్టి, మూత మీద కూడా నిప్పులు పరిచింది. అదే మా ఓవెన్. పైగా చెక్కలు వత్తిన చెయ్యి కదా, పిండిని అలవాటుగా కాగితమంత పలచగా వత్తింది. చాక్లెట్ కారిపోయి పళ్లేనికి మాడింది. బిస్కెట్లకు గని వాసన పట్టింది.

పక్క క్వార్టరు ఆమె ఒకటి కొరికి, "ఏందక్కా, పిల్లకు సారె పంపుతున్నవా, మొదటి షిఫ్టుకు టిఫినా?" అన్నది. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే మిగతావి కోళ్లకు పోసింది.

మర్నాడు బొగ్గు పూర్తిగా కాలేదాకా ఆగింది. పిండిని వత్తకుండా ముద్దలుగానే ఉంచింది. చాక్లెట్ ముక్కలు కొట్టడం మాత్రం కష్టమైంది. కత్తిపీట కింద అది నలిగి వేళ్లకు అంటుకుపోతోంది. వరండాలో మంచం మీద కూర్చుని అడకత్తెరతో వక్క కొడుతున్న అత్తమ్మ ఇదంతా చూస్తోంది.

"ఏంది గిది?"

"సారెకు బిస్కెట్లు అత్తమ్మా."

"ఎవలు మొదలువెట్టిండ్రు?"

"నేనే."

నేను నోరు తెరవబోయాను. అక్క నా వైపు ఒక్క చూపు చూసింది. మూసుకున్నాను.

"దీనికి పద్ధతేంది?" అన్నది అత్తమ్మ.

"దీనికి పద్ధతి లేదు. మనోళ్లల్ల ఇంతకుముందు ఎవలూ చెయ్యలే."

ఆవిడ వక్క నమలడం ఆపింది. కోప్పడుతుందని నేననుకున్నాను. పళ్లెం లాగి పారేస్తుందని అక్క అనుకుందట, తర్వాత చెప్పింది.

"గట్లయితే," అన్నది అత్తమ్మ గొంతు తగ్గించి, "నేను గుడ ముట్టొచ్చా?"

అక్క చాక్లెట్ పళ్లెం తీసుకెళ్లి మంచం మీద పెట్టింది. ఆవిడ అడకత్తెరను కొంగుతో తుడిచి, బార్లను కాసేపు కుండనీళ్లలో చల్లబెట్టమన్నది. కాగితం విప్పకుండానే పెట్టించింది. తర్వాత ఒక్కో బారునూ వక్కలు కొట్టినట్టే టక్కుటక్కున కొట్టింది. ముక్కలన్నీ ఒకే సైజులో పడ్డాయి. "కత్తిపీటతోని గిది అయితదా? పిచ్చిదానా," అని కోడల్ని కసిరింది. అక్క ముఖం పక్కకు తిప్పుకొని పిండి కలుపుతూ పోయింది.

రెండో వాయి బంగారు రంగులో వచ్చింది. అంచులు కరకర, నడుమ మెత్తన.

సారె జీపులో పోయింది. అత్తమ్మ కూడా మాతో వచ్చింది. లడ్డూల గంపలు వెనక పెట్టించి, బిస్కెట్ల డబ్బా మాత్రం అక్క దమ్మపేట దాకా ఒళ్లోనే పెట్టుకుంది. అడవి దారంతా జీపు ఎగిరెగిరి పడుతుంటే రెండు చేతులతో పట్టుకునే కూర్చుంది.

వాళ్లది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వియ్యపురాలు డబ్బా మూత తీసి, "ఇవేంటి వదినా, బేకరీలో కొన్నారా?" అని అడిగింది. అక్క జవాబు వెతుక్కుంటోంది. అంతమంది ముత్తైదువల మధ్య, తన చేతివంట అని చెబితే ఎవరేమంటారో తెలియదు. నేను సిద్ధంగా ఉన్నాను. ఉపన్యాసం మొత్తం నాలుక మీద ఉంది.

"బేకరీ ఏడిది?" అన్న గొంతు వెనక గోడ దగ్గర నుంచి వినిపించింది. "నా కోడలు చేసింది. ముక్కలు నేను కొట్టిన."

కుర్చీలో కూర్చున్న మేనకోడలు చెయ్యి చాచింది. "నానమ్మా, నువ్వే ఇయ్యి," అన్నది.

ఎన్నో ఏళ్లుగా గోడ వదిలి రాని ఆ మనిషి లేచింది. అక్క చేతిలోంచి డబ్బా తీసుకుని, ముత్తైదువల మధ్యలోంచి నడిచి, మనవరాలి దగ్గరికి వెళ్లింది. ఒక బిస్కెట్ తీసి దాని నోట్లో పెట్టింది. రెండోది అక్క పెట్టింది.