రాళ్లవాన నాటి మంచుమనిషి

ఆ రోజుల్లో మంచు అనే పదార్థం మాకు టీవీలో తప్ప ఎక్కడా కనిపించేది కాదు. గోరంట్ల దగ్గర మా ఊళ్లో నాలుగు చినుకులు పడితేనే పండగ. అయినా ఇంగ్లీషు వాచకంలో మంచుమనిషి బొమ్మ చూసిన నాటి నుంచి, అలాంటివాణ్ణి ఒక్కణ్ణయినా చేయకపోతే బతుకు వృథా అని నాకు గట్టి నమ్మకం. (అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. బతుకు గురించి అప్పటికే చాలా తెలుసు.)

ఒక ఎండాకాలం సాయంత్రం ఆకాశం నల్లబడి రాళ్లవాన మొదలైంది. నిమ్మకాయలంతేసి వడగళ్లు రేకుల మీద పడుతుంటే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. చూస్తూండగానే వాకిలంతా తెల్లబడిపోయింది. అమ్మ ధర్మవరంలో పుట్టింటికి పోయి ఉంది. గొర్రెలు తోలుకుని గుట్టకు పోయిన నాయన ఇంకా రాలేదు. అవ్వ గడపలో నిలబడి దారికేసే చూస్తోంది. నేను మాత్రం వాన తగ్గీ తగ్గకముందే చేటతో వడగళ్లు ఎత్తి కుప్ప పోయసాగాను.

"ఏం జేస్తాండావురా ఆడ?" అంది అవ్వ.

"మంచుమనిషిని చేస్తాండానవ్వా."

తిట్లు తప్పవనుకున్నాను. అవ్వ ఒకసారి దారిని చూసింది, ఒకసారి నా మోకాలెత్తు కుప్పను చూసింది, కొంగు నడుముకు బిగించింది. "ఇంతేనా వాడు? చేసేదేదో నిలువెత్తు మనిషిని చెయ్. ఆ గంప ఇట్ల తే."

ఆ తర్వాత నాకు పెద్దగా పని లేకపోయింది. చూరు కింద, గోడవార పేరుకున్న రాళ్లన్నీ అవ్వ గంపలకెత్తి తెచ్చి, తడిచేతుల్తో అదిమి అదిమి పెట్టింది. మనిషి నాయనంత ఎత్తయ్యాడు. కళ్లకు బొగ్గులు, ముక్కుకు ఎండుమిరపకాయ, తలకు నాయన పాత టవలు.

"ముక్కు వంకరుండాదవ్వా."

"ఉండనీలేరా. నీది మాత్రం సక్కగుండాదా?"

గంప దించిన ప్రతిసారీ దారికేసి చూసేది. (ఈ కళ మీద అవ్వకింత మోజు ఎప్పుడు పుట్టిందా అని మురిసిపోయాను. ఊరికే కూర్చోలేక చేసిందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.)

మసకచీకటి పడుతుండగా గొర్రెల అరుపులు వినిపించాయి. తలమీద కంబళి కప్పుకుని, చంకలో ఓ గొర్రెపిల్లను పెట్టుకుని నాయన వచ్చాడు. వాకిట్లో తెల్లగా నిలబడ్డ ఆకారాన్ని చూసి ఆగాడు.

"ఎవురప్పా అది? తడుస్తా ఆడ నిలబడుకోనుండావే, లోపలికి పో" అన్నాడు మర్యాదగా.

మా మంచుమనిషి కదల్లేదు.

"నిన్నేనప్పా! యా ఊరు మీది?"

అవ్వ నవ్వబోయి, భోరున ఏడ్చి, ఆ తడి వాకిట్లోనే కూలబడింది. వెంటనే లేచి వెళ్లి కొడుకు తల, భుజాలు, వీపు అంతా తడిమింది. నుదుటి మీద ఓ బొప్పి తప్ప ఏమీ లేదు.

"యాడ సచ్చినావురా ఇంతసేపు!"

"గుట్టకాడ పెద్ద గుండురాళ్ల సందులో గొర్లతోపాటే దూరుకోనుంటిమ్మా. ఒగటి గూడా పోలేదు."

అవ్వ ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. రాత్రి వేడి సంగటి తింటూ, బయటున్న చుట్టానికీ ఓ ముద్ద పెట్టమన్నాడు నాయన. తెల్లారేసరికి ఆ చుట్టం చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు హిందూపురంలో ఉద్యోగం. మబ్బు పట్టిందంటే చాలు, ఎవరెక్కడున్నారో ఫోన్ చేసి కనుక్కుంటే గానీ నాకు కాలు నిలవదు. అప్పుడు చేట పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తిన ఆ తొమ్మిదేళ్లవాడు గుర్తొచ్చి నవ్వుకుంటాను. అదృష్టవంతుడు. వాడి వంతు భయం కూడా అవ్వే పడింది.