మేత కొండ మీద రెండు గోతులు

అరకు దగ్గర ఒక మేత కొండ మీద నేను రెండు గోతులు తవ్వించాను. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఇరవై అంగలకు మించి లేదు. ఆ ఇరవై అంగల నేల నన్ను రెండు నెలలకు పైగా తికమకపెట్టింది. అందులో కొంత నేల చేసిన పని, కొంత నేను చేసుకున్నది.

అప్పటికి నేల సర్వేలో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. మాది విజయనగరం దగ్గర పల్లపు ఊరు. వరి మడులూ చెరకు తోటలూ చూసి పెరిగినదాన్ని. కొండ నేలల గురించి పుస్తకంలో చదవడమే తప్ప చేత్తో పట్టుకున్నది తక్కువ. ఆ కొండ వాలు మీద నీడ చెట్లు నాటి, వాటి కింద కాఫీ మొక్కలు పెట్టాలని ఒక ఆలోచన ఉంది. దానికి ముందు మట్టి ఎంత లోతుంది, ఏ పొర తర్వాత ఏ పొర ఉంది, అడుగున ఏ రాయి ఉంది అని చూసి రాయడం నా పని. మనిషి దిగితే తల మాత్రమే పైకి కనిపించేంత గొయ్యి తవ్వాలి. ఒక పక్క గోడను కత్తితో నున్నగా చెక్కి పొరలు గుర్తించాలి. ఒక్కో పొర నుంచి కాస్త మట్టి గుడ్డ సంచిలో వేసి, చీటీ కట్టి, ల్యాబ్‌కు పంపాలి.

డిసెంబరు నెల. పొద్దున తొమ్మిదైనా మంచు విడలేదు. కింది ఊరి నుంచి తవ్వడానికి భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. వాళ్లు గునపం దింపేలోపే మంచులోంచి ఏడెనిమిది ఆవులు వచ్చాయి, వాటి వెనక ఒక ముసలామె. తల మీద గోనెసంచి ముసుగు, చేతిలో కర్ర. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“ఏటమ్మా, ఏటి సేత్తన్నారు ఈడ?”

“మట్టి చూస్తున్నాం మామ్మా.”

“మట్టి సూడ్డానికి గొయ్యెందుకు? కాళ్ల కింద ఉన్నదేటి మరి?” అని, గునపం వైపు చూసి, “బాక్సైట్ కోసరం కాదు గదా?” అంది.

కాదని చెప్పాను. చెట్లు నాటే ముందు నేల ఎలా ఉందో చూడడానికని చెప్పాను. ఆ మాట ఆమెకు ఇంకా నచ్చలేదు. చెట్లు నాటితే పశువులెక్కడ మేస్తాయని అడిగింది. తవ్వే అతను వాళ్ల భాషలో, ఒడియా కలిసిన మాటల్లో, ఆమెకేదో నచ్చజెప్పాడు. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది.

“ఎల్లేటప్పుడు పూడ్సెయ్యాల. ఆవు పడితే కాలిరిగిపోద్ది. పై మట్టి పైకే ఎయ్యాల. కిందది పైకేత్తే గడ్డి మొలవదు.”

మొదటి గోతిలో పై జానెడు మట్టి నల్లగా, చేత్తో నలిపితే గింజలు గింజలుగా విడిపోయేలా ఉంది. దాని నిండా గడ్డి వేళ్లు. దాని కింద ముదురు గోధుమ రంగు బంకమట్టి. తడిపి బొటనవేలితో నొక్కితే తెగకుండా పొడుగ్గా సాగింది. ఆ కింద అదే బంకమట్టి కాస్త ఎరుపు తిరిగి, విరిచినచోట నూనె రాసినట్టు మెరిసింది. అంతకన్నా కిందికి వెళ్తే పసుపు గోధుమ రంగులో కుళ్లిన రాళ్లు. గుండ్రంగా ఉన్నాయి. గోటితో గీకితే ఉల్లిపొరల్లా ఊడి వచ్చాయి. ఆ పొరలన్నీ ఒలిచాక లోపల పిడికిలంత నల్లటి గట్టి రాయి మిగిలింది.

నాకేమీ అర్థం కాలేదు. మా దగ్గరున్న మ్యాపులో ఆ కొండంతా ఖొండలైట్ అనే రాయి. అది కుళ్లితే ఎర్రమట్టి అవుతుంది కానీ ఇలా ఉండదు. ఉల్లిపొరల్లా ఒలిచే నల్లరాయి లావా జాతి రాళ్లకు ఉండే లక్షణమని చదివాను. ఫోన్‌లోని సర్వే యాప్‌లో మాతృశిల, అంటే మట్టి పుట్టిన రాయి, అని ఒక గడి ఉంటుంది. అక్కడ వచ్చే జాబితాలో ఏది నొక్కాలో తెలియక గోతిలోనే చాలాసేపు నిలబడ్డాను. చివరికి ‘అగ్నిశిల’ నొక్కాను. నొక్కిన మరుక్షణం భయం వేసింది. అందుకే పక్కనే ఇంకో గొయ్యి తవ్వమన్నాను.

రెండో గొయ్యి అచ్చం పుస్తకంలో బొమ్మలా ఉంది. పైన పలచటి గోధుమ మట్టి, కింద ఎర్రమట్టి, దానికింద ఇసుకపాలు ఎక్కువైన గులాబీ రంగు మట్టి, అందులో దానిమ్మ గింజల్లాంటి గార్నెట్ నలుసులు. అడుగున తెల్లగా కుళ్లిన ఖొండలైట్. ఇది చూశాక ధైర్యం రావాలి. రాలేదు. రెండు గోతుల మధ్య నడుచుకుంటూ నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. పైన గడ్డి ఒకటే. వాలు ఒకటే. ఎక్కడ ఒక నేల ఆగి ఇంకో నేల మొదలైందో పైకి ఏమీ తెలియలేదు.

ఈలోగా మళ్లీ మంచు దిగడం మొదలుపెట్టింది. “బేగి కానివ్వండి మేడమ్, దారి కనబడదు,” అని తవ్వే ఆమె తొందరపెట్టింది. రెండు గోతుల సంచులూ, ఎనిమిది, ఒకే టార్పాలిన్ పట్టా మీద పెట్టి చీటీలు రాశాను. వేళ్లు కొంకర్లు పోయాయి. పెన్ను తడికి సరిగ్గా రాయలేదు. బరువని నల్లరాయిని అక్కడే వదిలేసి, దాని ఫొటో మాత్రం తీసుకున్నాను. ముసలామె దగ్గరుండి గోతులు పూడ్పించింది.

మూడు వారాల తర్వాత ల్యాబ్ లెక్కలు వచ్చాయి. మా సార్ పిలిచారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నవారు. మంచివారు. కేకలేయరు. అదే ఎక్కువ బాధ.

“చూడమ్మా, నీ మొదటి గోతిలో పై రెండు పొరలూ బంకమట్టి. మూడోది ఇసుక నేల, పైగా ఆమ్లం ఎక్కువ. నాలుగో దాంట్లో మళ్లీ బంక. ఇలాంటిది ఎక్కడైనా ఉంటుందా?”

“ఉండదు సార్.”

“రెండో గోతిలో దీనికి తలకిందులు. సంచులు కలిపేశావు.”

ఆయన కాగితం తిప్పారు.

“ఇక ఈ అగ్నిశిల ఏమిటి? అక్కడ అగ్నిపర్వతం ఎక్కడుంది? అది ఈ కొండల్లో దొరికే చార్నకైట్ రాయి అయి ఉంటుంది. తడిస్తే అదీ నల్లగానే ఉంటుంది.”

ఫొటో చూపించాను. గోతి నీడలో తడిసిన రాయి. అది ఏ రాయైనా కావచ్చు.

ల్యాబ్‌లో మిగిలిన మట్టిని డబ్బాల్లో దాస్తారు. మర్నాడు వెళ్లి మొదటి గోతి మూడో డబ్బా తెరిచి, కాస్త మట్టి అరచేతిలో కడిగాను. నీళ్లు పోయాక ఎర్రటి గార్నెట్ నలుసులు మిగిలాయి. సార్ అన్నది నిజం. మూడో పొర సంచులు రెండూ తారుమారు చేశాను. డబ్బా మూత పెట్టేశాను. ఆ ఒక్క తప్పు మిగతా వాటినన్నిటినీ పట్టుకుంది. మూడో పొర తప్పైతే నాలుగోది సరైనదని ఏమిటి నమ్మకం? ఉల్లిపొరల్లా ఒలిచిన రాయిని నేను నిజంగా చూశానా, చదివినదాన్ని అక్కడ చూసుకున్నానా? వారం రోజులు అన్నం తింటున్నా ఇదే ఆలోచన. ఇంట్లో అమ్మ ఏమైందని అడిగితే మట్టి అన్నాను. ఆమె నవ్వింది.

ఫిబ్రవరిలో సార్‌ని అడిగి మళ్లీ వెళ్లాను. మంచు లేదు. కొండ ఎండుగడ్డి రంగులో ఉంది. గోతులు ఎక్కడ తవ్వించానో కనిపెట్టలేకపోయాను. పూడ్చినచోట గడ్డి అల్లుకుపోయింది. ఫోన్‌లో దాచుకున్న గుర్తు దగ్గరికి వెళ్తే, నేను కదలకుండా నిలబడ్డా తెర మీద చుక్క అటూ ఇటూ జరుగుతోంది. అది జరిగే దూరమూ నా గోతుల మధ్య దూరమూ ఇంచుమించు ఒకటే. కూలబడిపోయాను.

అంతలో ఆవుల మెడగంటలు వినిపించాయి. అదే ముసలామె.

“మళ్లీ ఒచ్చినావేటే గుంటా? ఏటి పోగొట్టుకున్నావు?”

ఈసారి అమ్మా అనలేదు, ఇంటి పిల్లని పిలిచినట్టు గుంటా అంది. నేనూ దాచుకోకుండా మొత్తం చెప్పాను. సంచులు మార్చేసిన సంగతి కూడా.

“గొయ్యి కనబడ్డం లేదు మామ్మా.”

“ఏ గొయ్యి? నల్లదా, ఎర్రదా?”

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె కర్ర ఎత్తి తన ఆవుల వైపు చూపించింది. అవి వాలంతా వదిలేసి ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడి మేస్తున్నాయి. ఆ వరస కింద గడ్డి ఇంకా పచ్చదనం వదల్లేదు. పది పన్నెండు అంగల వెడల్పున ఒక పట్టీలా, కొండ మీది నుంచి కింది వాగు దాకా ఉంది. డిసెంబరులో కొండంతా పచ్చగా ఉన్నప్పుడు అది నాకెలా కనిపిస్తుంది?

“వానాకాలం ఈ పట్టీలోకి ఆవులు రావు. గిట్టలకి బంక అంటుకుపోద్ది. ఎండలు ముదిరితే మాత్రం ఇదే గతి. ఇల్లు అలకాలంటే అదిగో, ఆ పక్క ఎర్రమట్టి తెత్తాం. దీన్తో అలికితే బీటలేసేత్తాది.”

“నేల ఎందుకిలా నల్లగా ఉంది మామ్మా?”

“మా అత్త కాలంలో ఈడ పశువుల సాల ఉండీది. పేడకి నల్లబడిపోనాది.”

“వాగు దాకా సాలేనా?”

ఆమె ఆలోచించింది. “అంత పొడుగు సాల ఎవులు కడతారు? అది నాకూ తెలీదు.”

ఆమె ఊళ్లోంచి గునపం తెచ్చింది. పట్టీ మధ్యలో ఇద్దరం వంతులేసుకుని తవ్వాం. పొద్దు తిరిగేసరికి నల్లమట్టి, బంకమట్టి దాటి కుళ్లిన రాళ్లు తగిలాయి. గోటితో గీకాను. పొర ఊడి వచ్చింది. ఏడుపు వచ్చినంత పనైంది. “రాయికి ఏడుత్తారేటే!” అని ఆమె నవ్వింది. గొయ్యి పూడ్చాక రాయిని చున్నీలో మూటగట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కిందికి దిగాను.

సార్ దాన్ని సుత్తితో పగలగొట్టారు. పగిలిన ముఖాన్ని కిటికీ దగ్గర భూతద్దంతో చాలాసేపు చూశారు. తర్వాత రాళ్లు తెలిసిన ఒక స్నేహితుడికి పంపారు. డోలరైట్ అని జవాబు వచ్చింది. ఎప్పుడో లోపలి నుంచి కరిగిన రాయి పగులులోకి ఎక్కి, పైదాకా రాకుండానే చల్లారి, కొండ మధ్యలో నిలువు గోడలా ఉండిపోయింది. అగ్నిపర్వతం ఉండక్కర్లేదు. ఇటు నా తప్పూ నిజమే, అటు నా రాయీ నిజమే. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక, “సంచులు మాత్రం నేనే మార్చాను సార్,” అన్నాను.

“తెలుసు. రేపు కొత్తవి తెద్దాం, పద,” అన్నారు.

ఆయనే వచ్చారు. మోకాలు నొప్పి ఉన్నా గోతిలోకి దిగారు. ఒక్కో సంచికి చీటీ కట్టాక నా చేత గట్టిగా చదివించారు. సాయంత్రం ఊరి రచ్చ దగ్గర ముసలామె ఆయన్ని నిలదీసింది. పట్టీలో చెట్లు పెడితే ఎండాకాలం ఆవుల్ని మీ ఇంటికి తోలమంటారా అంది. నివేదికలో పట్టీనీ, దానికి రెండు పక్కలా కొంత నేలనూ మేతకు వదిలేయాలని సార్ రాశారు. మొక్కలు ఆ అవతలి ఎర్రమట్టిలోనే నాటారు. మ్యాపులో మాత్రం కొండంతా ఒకే రంగు. ఆ పట్టీ గీయడానికి కూడా చాలనంత సన్నం.

పై జానెడు నల్లమట్టి సంగతి తేలలేదు. కొత్త లెక్కల్లో, సాల ఉండేదని ఆమె చెప్పినచోట, పేడ పడిన నేలలో మిగిలిపోయే భాస్వరం బాగా ఎక్కువ. పేడ మాట నిజమే అనిపించింది. వాగు దగ్గర అంత లేదు, అయినా మట్టి అంతే నలుపు.

“ఎంత వరకు పేడ, ఎంత వరకు రాయి?” అని సార్ అడిగారు.

“తెలియడం లేదు సార్.”

“అయితే అదే రాయమ్మా.”

రాశాను. రాశాక ఇంకొకసారి చదివి, కొట్టేయాలా అని ఆలోచించి, అలాగే ఉంచి పంపాను.