పాలసొర రాని పురుడు

మా అమ్మాయికి పాలు పడలేదు. డాక్టరమ్మ మందులు రాసి, కంగారు పడొద్దంది. కంగారు పడకుండా ఎలా ఉంటాను? పాప చప్పరించి చప్పరించి, కడుపు నిండక కెవ్వున ఏడుస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది.

మా ఇళ్లలో బాలింతకి పాలసొర పెట్టాల్సిందే. చిన్న సొరచేప అది. ఉడకబెట్టి, తోలు ఒలిచి, పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లీ మిరియాలూ వేసి వేయించి పెడితే పాలు పడతాయని మా నమ్మకం. మా వీధికి చేపలు తెచ్చే ఆమెది పాయకరావుపేట అవతల, సముద్రం ఒడ్డునున్న ఊరు. ఎవరింట్లో పురుడైనా ఆమెకి ఎలా తెలిసేదో గానీ, అడక్కుండానే పాలసొర తెచ్చి గుమ్మంలో పెట్టేది. నేను ఈ అమ్మాయిని కన్నప్పుడు తెచ్చింది వాళ్లమ్మ.

ఈసారి కబురు మీద కబురు పెడితే గానీ రాలేదు. వచ్చాక చూద్దును కదా, తట్టలో చెరువు చేపలు! నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటే ఇది? సముద్రం పక్కన కాపరం ఉండి చెరువు చేపలు తెస్తావా? పాలసొరలన్నీ హోటళ్లకి అమ్మేసుకుని మా అమ్మాయిని మర్చిపోయావా?"

ఆమె తట్ట దించి మెట్టు మీద కూలబడింది. "అంత మాటనకమ్మా. నానెక్కడ అమ్ముకున్నాను? ఏరు సముద్రంలో కలిసే కాడికి సొరపిల్లలు వచ్చీవి. ఇప్పుడా నీళ్లు రంగు మారిపోనాయి. వలేస్తే నురగా, ప్లాస్టిక్కూ. సేపన్నది నేదు. ఈటిని కోటవురట్ల సెరువు కాడ కొనుక్కొత్తన్నాను."

సముద్రం మా ఇంటికి కనబడదు, వినబడదు. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్లి కాళ్లు తడుపుకుని వచ్చే చోటు, అంతే అనుకునేదాన్ని. అక్కడి నీళ్లు పాడైతే ఇక్కడ నా మనవరాలికి పాలు కరువవుతాయని ఏనాడూ తట్టలేదు. నిజంగా భయమేసింది.

"పోనీ, ఎక్కడైనా ఒక్కటి దొరకదా?" అన్నాను.

"దొరికితే ముందు మా ఇంట్లోనే వండుదునమ్మా. మా కోడలూ బాలింతే."

మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. తాగి, లోపల పాప ఏడుపు వినబడితే అటు తొంగి చూసింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మీ పాపకి ఏ డబ్బా పాలు ఇత్తన్నారమ్మా? మా మనవడికి తెచ్చింది పడట్నేదు, నిన్నట్నుంచి కక్కేత్తన్నాడు. కాస్త దాని పేరు సెప్పు."