డెబ్బై మూడో వరుస

పొద్దున పదిన్నరకు మాన్యువల్ అక్క ఉమ్మడి సర్వర్‌లో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచింది. నూట పన్నెండు వరుసలున్నాయి. డెబ్బై మూడోది ఒకప్పుడు ఆమె రాసిన కమాండ్ వాక్యమే. చివర ఎవరిదో పాస్‌వర్డ్ మూతలేని సీసాలా బయటికే ఉంది.

ల్యాబ్ రిపోర్టులు భద్రపరిచే కంపెనీ అది. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో సిబ్బందికి మాన్యువల్ రాసిపెట్టడం ఆమె ఉద్యోగం, అందుకే ఆ పేరు. ఆరేళ్ల క్రితం, భోజనానికి లేచే తొందరలో, బ్యాకప్ కమాండ్‌కు ఓ ఉదాహరణ రాసింది. పాస్‌వర్డ్ కూడా అదే లైన్లో ఇచ్చేస్తే పని ఒక్క వరుసలో తేలిపోతుందనుకుంది. కానీ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ ఆ వరుస సర్వర్‌లోకి వచ్చినవాళ్లందరికీ కనిపిస్తుంది. ఆగిపోయాక కొట్టిన కమాండ్ల చరిత్రలో మిగిలిపోతుంది.

పోయిన వారం బయటి కాంట్రాక్టరొకడు ఆ జాబితా చూసి, పాస్‌వర్డ్ పట్టేసి, రోగుల రిపోర్టులు ఎత్తుకుపోయాడు. బ్యాకప్ నడిపిన ఆపరేటర్‌ని, ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే మనిషిని, సస్పెండ్ చేశారు. సోమవారం విచారణ. ఇలాంటి తప్పు మళ్లీ జరక్కుండా హెచ్చరిక పేజీ రాసే పని అక్కకు అప్పగించారు.

అందుకోసమే వెతకడం మొదలుపెట్టింది. సర్వర్ పాత రికార్డుల్లో, చరిత్ర ఫైళ్లలో, తాను ముఖం కూడా చూడనివాళ్ల స్క్రిప్టుల్లో, నలభై ఒక్క చోట్ల ఆ వాక్యమే. ఆమె పెట్టిన ఖాళీలతో సహా. మనిషిని ఇంటికి పంపేశారు, వాక్యం మాత్రం డ్యూటీ చేస్తూనే ఉంది. కళ్లు మూసుకున్నా అదే వరుస.

బాబాయ్‌కి ఫోన్ చేసింది.

"ఏమ్మా, నా మీద పేజీ రాస్తున్నావటగా? ఫోటో కూడా వెయ్యి, కాస్త నల్లజుట్టున్నది చూసి."

"ఆ లైను ఎక్కడ నేర్చుకున్నావ్ బాబాయ్?"

"ఎక్కడేంటి, నీ పుస్తకంలోనే! ఒక్క అక్షరం మార్చినా చంపేస్తావుగా."

"మరి ఆ మాట వాళ్లతో చెప్పలేదేం?"

అవతల బాబాయ్ టీవీ శబ్దం తగ్గించాడు.

"నిన్ను లాగి నేనేం బావుకుంటానమ్మా? ఇంట్లో నన్ను భరించడమే మీ పిన్నికి కష్టంగా ఉంది. పెట్టేయ్."

మధ్యాహ్నం ఆమె రాసిచ్చిన పేజీ మేనేజరు చదివి తల ఊపాడు. పాస్‌వర్డ్‌ను సొంతదారు ఒక్కడే చదవగల ఫైల్లో ఉంచాలి, లేదా ప్రోగ్రామే అడిగేలా చేయాలి. అంతవరకు బాగుందన్నాడు. చివరి పేరా దగ్గర ఆగాడు.

"ఇదెందుకు మేడమ్? తేనెతుట్టె కదపడం కాకపోతే! తీసేయండి."

"తీస్తే ఆయన ఉద్యోగం పోతుంది సార్."

"ఉంచితే మీది పోవచ్చు."

ఆమె సీటు దగ్గరికి వచ్చి ఆ పేరా మళ్లీ చదువుకుంది. 'ఈ ఉదాహరణ ఆరేళ్లుగా మా మాన్యువల్లో ఉంది. రాసింది నేను. ఆపరేటర్ ఉన్నదున్నట్టు పాటించారు.' కింద తన పేరు చేర్చి, మేనేజరుతో పాటు విచారణ కమిటీకి కూడా పంపింది.

నాలుగింటికి జవాబు వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు ఆమె, బాబాయ్ ఇద్దరూ హాజరు కావాలి.