మా బాపు ఎత్తిన బస్తా

లోకంలో ఎక్కడైనా డాక్టరు "నీకేం లేదు, బాగున్నావు" అంటే ఇంట్లో స్వీట్లు పంచుతారు. మా కాలనీలో "నువ్వు ఇక పనికిరావు" అంటే పంచుతారు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి రోగం వల్ల ఇక కిందికి దిగలేడని మెడికల్ బోర్డు తేలిస్తే, అతని ఉద్యోగం కొడుక్కు వస్తుంది. దాన్నే మేము 'అన్‌ఫిట్ కావడం' అంటాం. అన్‌ఫిట్ అయినవాళ్ల ఇంటి ముందు టెంటు వేస్తారు, యాటను కోస్తారు. ఫిట్ అయినవాళ్ల ఇంటికి చుట్టాలు వచ్చి, చావు ఇంట్లో కూర్చున్నట్టు కాసేపు కూర్చుని, చాయ్ కూడా తాగకుండా పోతారు.

మా బాపు అన్‌ఫిట్ కోసం అర్జీ పెట్టుకున్నాడు. దొంగ అర్జీ కాదు. ముప్పై ఏండ్లు భూమి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టిన మనిషి, ఇప్పుడు సొంత ఇంటి కప్పు కింద చొక్కా తొడుక్కోవడానికి మధ్యలో రెండుసార్లు ఆగుతున్నాడు. ఒక్క చిక్కుంది. రిటైర్మెంటుకు రెండేండ్ల కంటే తక్కువ మిగిలితే ఆ అర్జీ చెల్లదు. బాపుకు ఆ గడువు దాటడానికి ఇంకా కొద్ది నెలలే ఉన్నాయి. ఈలోగా బోర్డు ఒప్పుకుంటే బాపు పైకి వస్తాడు, తమ్ముడు డ్యూటీలో చేరతాడు. ఒప్పుకోకపోతే ఆ ఊపిరితోనే బాపు ఆఖరి రోజు దాకా దిగాలి.

ఇక నా సంగతి. ఏడో తరగతిలో బడి మానేశాను. కాపురం పొసగక పుట్టింటికి వచ్చేశాను. రెండు పనులూ నేను మధ్యలోనే వదిలేశానని నన్ను కన్న మా అవ్వే అంటుంది. "అవ్వా, సగం దాకా పోయిన గద, మెచ్చుకోరాదు" అంటాను. నాకు వచ్చిన విద్య ఒక్కటే, నువ్వులూ పల్లీలూ శొంఠీ మిరియాలూ వేసి బెల్లం లడ్డూలు కట్టడం. షిఫ్టు దిగి వచ్చిన మనిషి ముందు నోట్లో బెల్లం ముక్క వేసుకోవడం మా బాయిల దగ్గర అలవాటు. గొంతులో పేరుకున్న దుమ్మును బెల్లం కిందికి లాగుతుందని అందరి నమ్మకం. గొంతు సంగతి నిజమేనేమో. దాని కిందున్న ఊపిరితిత్తుల సంగతి బెల్లానికి ఎవరూ చెప్పలేదు.

ఆ లడ్డూలకు 'బాయి ముద్ద' అని పేరు పెట్టి ఫోన్లో అమ్మడం మొదలుపెట్టాను. మొదటి నెల కొన్నవాళ్లంతా మా మేనత్తలే. వాళ్లు కొనడం కూడా ఎట్లాగంటే, "డబ్బులు పండుగకు ఇస్త బిడ్డా" అని.

అప్పుడు ఫోన్లోనే ఒక ఉచిత క్లాసు విన్నాను. సిటీలో ఉండే ఒక మేడం, చిన్న వ్యాపారాలకు బ్రాండు ఎట్లా కట్టాలో చెప్పింది. సరుకు అందరి దగ్గరా ఉంటుంది, కథ మీ ఒక్కరి దగ్గరే ఉంటుంది అంది. గంటలో నలభైసార్లు 'అథెంటిక్' అంది. ఆ మాట దాకా మా ఏడో తరగతి పుస్తకం పోలేదు. పక్కనే పడుకుని ఉన్న తమ్ముణ్ణి కాలితో తట్టి అడిగాను.

"అథెంటిక్ అంటే ఏంది రా?"

"కల్తీ లేంది."

"మనింట్ల కల్తీ లేంది ఏమున్నది?"

వాడు కళ్లు తెరవకుండానే అన్నాడు. "బాపు."

అంతే. అక్కడినుంచి నా బ్రాండు మా బాపు.

ఆయన్ను నిలబెట్టి వీడియో తియ్యాలనుకున్నాను. బాయి మనిషి, బెల్లం తిని ముప్పై ఏండ్లు నిలబడ్డ మనిషి, బెల్లం బస్తాను భుజానికెత్తి నవ్వాలి. ఆలోచన మంచిదే. మనిషి దగ్గరే బస్తా ఎత్తే ఊపిరి లేదు. దానికీ ఉపాయం కనిపెట్టాను, చదువుకోని తెలివి ఊరికే పోదు కదా. కిరాణా చాచా దగ్గరికి పోయి ఖాళీ బెల్లం బస్తా, దాన్ని నింపడానికి మురుమురాలు అడిగాను.

చాచా కండ్లద్దాలు కిందికి దించి చూశాడు. "బెల్లం బస్తాల మురుమురాలా? క్యా ధందా హై బేటీ?"

"బ్రాండు చాచా."

"అచ్ఛా. మా దుకాణంల దాన్ని కల్తీ అంటరు" అని, నవ్వుతూనే కట్టి ఇచ్చాడు.

బస్తా నిండా మురుమురాలు పోసి, పైన కనబడేటట్టు నాలుగు బెల్లం ముద్దలు పెట్టాను. బాపు వాకిట్లో నిలబడ్డాడు. ఆ గాలి బస్తా ఎత్తడానికే పదకొండుసార్లు తీయాల్సి వచ్చింది. ఒకసారి దగ్గు, ఒకసారి ఆయాసం, ఒకసారి ఆయనకే నవ్వొచ్చింది. "గింత అలుకటి బస్తా బాయిల దొరికితే నేనెందుకు ముసలోన్నైత బిడ్డా" అన్నాడు. దగ్గులన్నీ కోసేసి, మిగిలిన ముక్కలు అతికించి, కింద ఇట్లా రాశాను: ముప్పై ఏండ్లు బాయిల దిగినా మా బాపు దమ్ము తగ్గలే. మా బాపు నిజం, మా బెల్లం నిజం.

ఆ వీడియో పోయిన పోక చూస్తే నాకే భయమేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు బాపుకు దండాలు పెట్టారు. 'ఈ వయసులో ఏం బలం' అన్నారు. సిటీ నుంచి, పక్క రాష్ట్రం నుంచి ఆర్డర్లు వచ్చాయి. అవ్వ, నేను రోజంతా లడ్డూలు కట్టేవాళ్లం, తమ్ముడు డబ్బాలకు టేపు వేసేవాడు. సాయంత్రం బాపు డ్యూటీ నుంచి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంటే, ఆయన బలం గురించి జనం రాసినవి చదివి వినిపించేదాన్ని. ఆయన ఊపిరి తీసుకుంటూ వినేవాడు.

"మంచిగనే ఉన్నది బిడ్డా. ఈయన ఎవరో నాకు గూడ చూపెట్టు ఒకసారి" అన్నాడొక రోజు.

"నీ బొమ్మ మీదనే నా దుకాణం నిలవడ్డది బాపు. నువ్వు పడితె నేను పడత" అన్నాను. నవ్వులాటకు అన్న మాటే. నేను అన్నీ నవ్వులాటకే అంటాను.

ఆ తర్వాత బోర్డు పిలుపు వచ్చింది. బాపు కొత్త చొక్కా వేసుకుని పోతానంటే అవ్వ వద్దంది. "పాతది తొడుక్కో. రోగిష్టోని లెక్క కనబడు జెర." బాపు పాతదే తొడుక్కున్నాడు. తమ్ముడు బండి మీద తీసుకుపోయి బయట కూర్చున్నాడు. పొద్దు వాలుతుండగా ఇద్దరూ వచ్చారు. తమ్ముడు బండి స్టాండు వేయకుండా గోడకు ఆనించి లోపలికి పోయాడు.

"ఏమన్నరు?" అంది అవ్వ.

"ఫిట్ అన్నరు" అన్నాడు బాపు.

అవ్వ పీట మీద కూలబడింది. నేను నీళ్లు ఇచ్చాను. బాపు గ్లాసు సగం తాగి, ఆగి, మిగతా సగం తాగి, అప్పుడు చెప్పాడు.

"ఊదమన్నరు, ఊదిన. నడువుమన్నరు, నడిసిన. ఎక్స్‌రే సూసిండ్రు. అటిటుగ ఉన్నదని వాళ్లల్ల వాళ్లు అనుకున్నరు. అండ్ల ఒక సారు ఫోను తీసిండు. 'పెద్దమనిషీ, ఈయన నువ్వేనా?' అన్నడు."

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను. "నువ్వేమన్నవ్?"

"నేనే సార్ అన్న."

"బస్తల మురుమురాలున్నయని చెప్పలేదా?"

"'ఈ బస్తా నువ్వే ఎత్తినవా' అనడిగిండు. ఎత్తిన అన్న. ఎత్తింది నిజమే గద."

"బాపూ!"

"మరేమనమంటవ్ బిడ్డా? గంత మంది సార్ల ముందట నా బిడ్డ లోకానికి అబద్ధం చెప్పిందని నా నోటితోని నేనే చెప్పాల్నా? నీ దుకాణం పడిపోతది గద."

లోపలినుంచి తమ్ముడి గొంతు వచ్చింది. "నీ లడ్డూలు సల్లగుండ అక్కా. నౌకరి అయిపోయింది."

నేను ఏదో అనబోయాను. ఎప్పుడైనా ఇంట్లో గొడవ ముదిరితే ఒక మాట విసిరి అందరినీ నవ్వించడం నా డ్యూటీ. ఆ రోజు నేను డ్యూటీకి నాగా పెట్టాను.

ఎక్స్‌రే వల్ల ఫిట్ అన్నారో, వీడియో వల్ల అన్నారో కాగితం మీద లేదు. ఒక్క మాటే ఉంది. వీడియో లేకపోయినా అదే మాట వచ్చేదని అవ్వ నాతో ఎన్నోసార్లు అంది. నాకోసం అంటోందని తెలుస్తూనే ఉంది. అవ్వకు అబద్ధం చెప్పడం రాదు, ఇంట్లో ఆ విద్య నాదే.

మర్నాడు ఆ వీడియో తీసేశాను. అప్పటికే ఎవరెవరో దాన్ని ఎక్కించుకున్నారు. బాయి గేటు దగ్గర బాపును చూసి, "ఏం కాక, బస్తాలు మోస్తున్నవట, మా దిమ్మె గూడ జెర ఎత్తి పెట్టరాదు" అని పరాచికాలాడేవాళ్లట. ఆ పరాచికాలు నా నోటినుంచి నేర్చుకున్నట్టే ఉండేవి.

అర్జీ మళ్లీ పెట్టడానికి ఇంకా కొన్ని రోజులు ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెబుదామనుకున్నాను. కిటికీలో ఫోను పెట్టి, బాపును మంచం మీద కూర్చోబెట్టి, ఈసారి ఏదీ కోయకుండా తీశాను. బస్తాలో ఏముందో నేను చెప్పాను. బాయిలో ఏం పని చేశాడో, ఎన్ని మెట్లకు ఆగుతాడో బాపు చెప్పాడు. నాలుగు మాటలకొకసారి దగ్గాడు. ఒకచోట దగ్గు ఆగలేదు. అవ్వ వచ్చి వీపు రాసింది, అదీ వీడియోలోనే ఉంది. అట్లాగే పెట్టేశాను.

సిటీవాళ్లు ఏడ్చారు. 'ఇంత నిజంగా ఎవరు చెబుతారు' అని రాశారు. ఆర్డర్లు మునుపటికంటే ఎక్కువ వచ్చాయి. క్లాసు చెప్పిన మేడం నన్ను వెతికి పట్టుకుని, అథెంటిక్ అంటే ఏమిటో వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. మా కాలనీవాళ్లు మాత్రం ఏడవలేదు. "మొన్న బస్తా ఎత్తిండు, ఇయ్యాల దగ్గుతుండు. కొడుకు నౌకరి కోసం దగ్గు గూడ నేర్చుకున్నడు" అని కింద ఒకడు రాశాడు. పేరు చూశాను. మా వెనక లైనులో ఉండే పిల్లాడే. వాళ్ల నాయిన అన్‌ఫిట్ అయినప్పుడు టెంటు కింద కూర్చుని నేనూ తిన్నాను. వాడి మీద నాకు కోపం రాలేదు. నేను వాళ్లకు అమ్మిన బాపును వాళ్లు నమ్మారు. ఇప్పుడు అసలు బాపును తెచ్చి చూపిస్తే, ఇది డూప్లికేటు అంటున్నారు.

రెండో అర్జీ పట్టుకుని నేనే ఆఫీసుకు పోయాను. అక్కడి క్లర్కు మంచివాడు, కుర్చీ చూపించాడు. రికార్డులో బాపు పుట్టిన తారీఖు చూసి వేళ్ల మీద లెక్కపెట్టాడు. గడువు దాటి తొమ్మిది రోజులైందమ్మా అన్నాడు. ఆ తొమ్మిది రోజులూ నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తుంది. వచ్చిన ఆర్డర్లకు లడ్డూలు కడుతున్నాను.

తమ్ముడు ఇప్పుడు నా దగ్గరే పనిచేస్తున్నాడు. డబ్బాలకు టేపు బాగా వేస్తాడు. నాతో అవసరమైనంతే మాట్లాడతాడు.

బాపు మధ్యాహ్నం షిఫ్టు దిగి నడిచి వస్తాడు. కాలనీ గేటు నుంచి మా క్వార్టర్ దాకా దారిలో కనబడ్డ ప్రతి మనిషి దగ్గరా నిలబడి పలకరిస్తాడు. చెప్పులు కుట్టేటాయనను, కొళాయి దగ్గర ఆడవాళ్లను, ఆఖరికి ఆడుకునే పిల్లల్ని. ముసలితనంలో మాటకారి అయ్యాడని అందరూ అనుకుంటారు. మొన్న నేను డబ్బాలు ఆటోలో పెడుతూ మూల మలుపు వైపు చూశాను. ఎండకు దారంతా ఖాళీగా ఉంది. బాపు ఒక ఆగిన స్కూటర్ సీటు మీద చెయ్యి ఆనించి, తల ఊపుతూ పెదాలు కదుపుతున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఆయన మాటలు అయిపోయేదాకా నేను ఆటో వెనకే ఉండిపోయాను.

దగ్గరికి వచ్చాక అడిగాను. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ బాపు?"

"ఎవ్వలు లేరు బిడ్డా" అన్నాడు. ఊపిరి అందాక మిగతాది చెప్పాడు. "అందుకే ముచ్చట జల్ది ఒడిసింది."

ఆయనకు ఇంకా ఏడాది మీద నాలుగు నెలల డ్యూటీ ఉంది.